పాఠశాల యడుగగూడని ప్రశ్న

క్రొత్త విద్యార్థి పాఠశాలలో చేరవచ్చినప్పుడు మొదట కలిసికొనునది ఉపాధ్యాయుని గాదు, కచ్చేరీ గుమాస్తాను. పేరేమి, తండ్రి పేరేమి, పుట్టిన తేది యేది, ఇల్లెక్కడ, ఇదివరకు చదివిన బడి యేది యని యాతడు వరుసగా నడిగి అడ్మిషను రిజిస్టరులో వ్రాసికొనును. ఈ ప్రశ్నలు మనకు మిక్కిలి సామాన్యములుగ దోచును. కాని పొట్టకూటికై దేశము విడిచి దేశము చేరిన కుటుంబములకు వీనిలో నొక్కొక్కటియు నొక్కొక్క గండమువంటిది. పాఠశాల యేమి యడుగుచున్నది, అడిగినదాని నెక్కడ వ్రాయుచున్నది, వ్రాసినదాని నెవరికి జూపుచున్నది యను మూడు విషయములపైననే వలసవచ్చినవారి బిడ్డల చదువు చాలవర కాధారపడి యుండును. స్వాగతోపన్యాసములును పూలమాలలును తరువాతివి. ఈ సంగతి మిక్కిలి స్పష్టముగ తేలిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు గనుక నచ్చటి వృత్తాంతమును గొంత విపులముగ జెప్పెదను.

టెక్సాసు రాష్ట్రము మెక్సికో దేశమున కానుకొని యున్నది. ఆ సరిహద్దు దాటి కూలిపనులకు వచ్చుటయు, పని ముగియగానే మరలిపోవుటయు, కొంద రచ్చటనే నిలిచిపోవుటయు తరతరములుగ జరుగుచున్నదే. వారిలో ప్రభుత్వపు టనుమతిపత్రములు గలవారును గలరు, లేనివారును గలరు. 1975వ సంవత్సరమున టెక్సాసు శాసనసభవా రొక చట్టము చేసి, చట్టప్రకారము దేశమున బ్రవేశింపని పిల్లల చదువునకు రాష్ట్రపు ధనము నియ్యమనియు, అట్టివారిని చేర్చుకొనకుండుటకు స్థానిక పాఠశాలా సంఘములకు హక్కు గలదనియు నిర్ణయించిరి. గులాబితోటలకు పేరుపొందిన టైలరు పట్టణమున కొంతకాలము పిల్లలను పూర్వమువలెనే చేర్చుకొనుచు వచ్చిరి. 1977లో మాత్ర మచ్చటి పాఠశాలా సంఘమువారు, అట్టి బాలు డొక్కొక్కడును సంవత్సరమునకు 1,000 డాలర్లు జీత మియ్యనిదే బడిలో నుండగూడదని తీర్మానించిరి. ఆ పట్టణపు బడులలో జదువుచుండిన సుమారు 16,000 మందిలో నిట్టివారు దాదాపు 60 మంది. కూలిచేసి బ్రతుకు తండ్రికి ముగ్గురు బిడ్డలున్నచో మూడువేల డాలర్లు కావలెను. అనగా వారికి బడి మూసివేసినట్లే.

ఆ యూరి కతోలిక సంఘమున బీదల నడుమ బనిచేయుచుండిన యొకాయన యీ కుటుంబముల దుస్థితి నెరిగి స్థానికుడైన యొక న్యాయవాదికి దెలిపెను. మెక్సికో సంతతివారి హక్కులకై పాటుపడు నొక సంస్థ న్యాయవాదియు దోడుపడగా, నాలుగు కుటుంబములవారు తమ బిడ్డల పక్షమున వ్యాజ్యము వేయుట కొప్పుకొనిరి. ఇందలి సాహస మెంతటిదో యూహింపుడు. అనుమతిపత్రము లేనివాడు తనంతట దాను ప్రభుత్వ న్యాయస్థానమునకు బోయి నిలుచుట యన్న, చీకటిలో దాగియున్నవాడు దివిటీ వెలిగించుకొని వీధిలోనికి వచ్చుట యన్నమాట.

విచారించిన న్యాయాధిపతి విలియం వేన్ జస్టిస్ అను నాతడు. ఆయన యింటిపేరునకే న్యాయమని యర్థము. ఆ కుటుంబములవారు నిజనామములు వెల్లడింప నక్కరలేదని యాతడనుజ్ఞ యిచ్చెను. అందుచే వ్యాజ్యపత్రములలో వారి కందరికిని ‘డో’ యను కల్పితనామము పెట్టిరి. మన వ్యవహారమున ‘ఫలానా’ యనుటవంటి దది. జనులు గుమిగూడకుండునట్లు విచారణను ఉదయము 6 గంటలకే యేర్పరచెను. ఆ తెల్లవారుజామున తలిదండ్రులు తమ సామాను మోటారుబండ్లలో సర్దుకొని వచ్చిరి. న్యాయస్థానమునుండి తిన్నగా సరిహద్దునకు దోలుదురేమో యని వారి భయము. అట్లెవరును దోలలేదు. పిల్లలను బడిలో నుండనియ్యవలసినదని 1977 సెప్టెంబరులోనే తాత్కాలికపు టాజ్ఞ వెడలెను. మరుసటి యేట తుదితీర్పును వారికే యనుకూలమయ్యెను. పైన్యాయస్థానము దానిని 1980లో స్థిరపరచెను. చివరకు 1982 జూను 15వ తేదిన అమెరికా సుప్రీముకోర్టువారు అయిదుగు రొకవైపు, నలుగు రొకవైపుగా టెక్సాసు చట్టమును కొట్టివేసిరి. అప్పటి పాఠశాలల పర్యవేక్షకుని పేరునుబట్టి యీ వ్యాజ్యమునకు ‘ప్లైలర్ వర్సెస్ డో’ యను పేరు వచ్చినది.

తీర్పు వ్రాసినవాడు జస్టిస్ బ్రెన్నన్. ఆయన తర్కము మన విద్యార్థులు కూడ గ్రహింపదగినంత సుబోధముగ నున్నది. అమెరికా రాజ్యాంగమున 1868లో జేర్చబడిన పదునాల్గవ సవరణము చట్టముల సమానరక్షణను వాగ్దానము చేయుచు, ‘పౌరుడు’ అనక ‘వ్యక్తి’ యను మాటను వాడినది. అనుమతిపత్రము లేనంతమాత్రమున మనుష్యుడు వ్యక్తి గాకపోడు. మరియు సరిహద్దు దాటవలెనని నిశ్చయించినవారు తలిదండ్రులు. పిల్లలు వారి చేయిపట్టుకొని వచ్చినవారు. తండ్రి చేసినదానికి బిడ్డను శిక్షించుట న్యాయము గాదు. ఇక ధనము మాట: ఈ పిల్లలను వెడలగొట్టుటవలన బడుల కేమి మిగిలెనో రాష్ట్రమువారు చూపజాలకపోయిరి. వారిలో ననేకు లా దేశముననే పెరిగి పెద్దవారగుదురు గనుక, చదువురాని యొక వర్గమును జేజేతుల దయారుచేసికొన్నట్లే యగునని న్యాయస్థానమువా రెంచిరి.

ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. అమెరికా రాజ్యాంగమున విద్య యను మాటయే లేదు. విద్య రాజ్యాంగమిచ్చిన మౌలిక హక్కు గాదని యదే సుప్రీముకోర్టు 1973లో వేరొక టెక్సాసు వ్యాజ్యమున జెప్పియుండెను. అందుచే 1982నాటి తీర్పు గట్టి రాతి పునాదిపై గాక, సన్నని గోడపై నిలిచినదని చెప్పవచ్చును. వ్యతిరేకించిన నలుగురి పక్షమున వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి బర్గరు సైతము ఏ బిడ్డకైనను చదువు నిరాకరించుట యవివేకమని యొప్పుకొనెను. అయితే దానిని దిద్దవలసినది శాసనసభ గాని న్యాయస్థానము గాదని యాయన వాదము. పర్యవేక్షకుడగు ప్లైలరు మహాశయుడో, చాలకాలము గడచిన పిదప 2007లో పత్రికలవారితో, తా మా వ్యాజ్యమున నోడిపోవుటయే మేలయ్యెనని చెప్పెను. ఆ పిల్లలలో దాదాపు అందరును టైలరులోనే చదువు ముగించి, తరువాత చట్టబద్ధముగ నా దేశవాసులైరి.

తీర్పు వచ్చినంతనే సమస్య తీరినదా? తీరలేదు. బిడ్డను బడినుండి వెడలగొట్టుటకు తలుపు మూయనక్కరలేదు, ప్రశ్న యడిగిన జాలును. 2011లో అలబామా రాష్ట్రమువారు చేసిన చట్టము దీనికి దార్కాణము. ఆ చట్టము ఏ బాలుని జేర్చుకొనవలదని చెప్పలేదు. క్రొత్తగా చేరు పిల్లలు ఎచ్చట బుట్టిరి, అనుమతి గలవారా లేనివారా యని విచారించి లెక్కలు పంపవలసినదని మాత్రమే చెప్పెను. లెక్కలకొరకే గాని పేర్లు బయటబెట్టమని యధికారులు నచ్చజెప్పిరి కూడ. అయినను ఆ సెప్టెంబరు చివర చట్ట మమలులోనికి వచ్చిన కొలది దినములలోనే 2,000 మందికి మించిన లాటిను అమెరికా సంతతి పిల్లలు బడికి రాలేదు. వారిలో ననేకులు ఆ దేశముననే పుట్టి పౌరసత్వము గలవారే. ఇంటిలో తండ్రికో తల్లికో కాగితము లేకపోవుటచే కుటుంబమంతయు భయపడెను. అక్టోబరులో పైన్యాయస్థాన మా ప్రశ్నను నిలిపివేసి, 2012లో అది చెల్లదని తీర్పు చెప్పెను. బడి మానిన పిల్లల దినములు మాత్రము తిరిగిరాలేదు. గుమాస్తా కలమున కెంతటి బలము గలదో చూచితిరా!

ఇక పాఠశాల యడుగదగిన దేమి? బాలుడు తమ పరిధిలో కాపురమున్నాడా, వయస్సెంత, మసూచికము మొదలగు టీకాలు వేయించిరా యనునవి యడుగవచ్చును. మసూచి లోకమునుండి పోయి చాలకాలమైనది గాని, తట్టు, ధనుర్వాతము మొదలగువాని టీకాల పత్రము లచ్చట తప్పక చూతురు. కాపురమునకు ఇంటి యద్దె కాగితమో, విద్యుచ్ఛక్తి బిల్లో చాలును. వయస్సునకు జననపత్రమే కావలెనని పట్టుబట్టరాదు. ఈ విషయమున 2014లో అమెరికా విద్యాశాఖయు న్యాయశాఖయు గలిసి పాఠశాలలకు బంపిన సూచనలలో నొక వాక్యము మన పాఠకులకు బ్రత్యేకముగ ముచ్చట గొలుపును. వైద్యుని పత్రము, తలిదండ్రుల ప్రమాణపత్రము, మతసంస్థ యిచ్చిన పత్రము, కుటుంబపు బైబిలులో వ్రాసియుంచిన పుట్టినతేది, ఇవన్నియు వయోనిదర్శనములుగ గ్రహింపవచ్చునట. మన సంఘస్థుల యిండ్లలోను పెద్ద బైబిలు మొదటి పుటలలో బిడ్డల జన్మదినములు వ్రాసికొను నాచారము గలదు గదా.

అడిగి వ్రాసికొన్నదానిని కాపాడుట రెండవ పని. 1974నాటి యొక చట్టమునుబట్టి, ప్రభుత్వధనము పొందు అమెరికా పాఠశాలలు విద్యార్థి వివరములను తలిదండ్రుల సమ్మతి లేక పైవారి కియ్యగూడదు. న్యాయస్థానపు టాజ్ఞవంటి కొన్ని మినహాయింపులు గలవు. కాని యీ చట్టములో నొక చిన్న కంత యున్నది. పేరు, చిరునామా, పుట్టినచోటు మొదలగువానిని సాధారణ సమాచారముగ నెంచి, తలిదండ్రులు వలదని వ్రాసియియ్యనిచో బాహాటముగ బ్రకటించుటకు పాఠశాలకు వీలు గలదు. పుట్టినచోటు సాధారణ సమాచారమట! వలసవచ్చినవానికి దానికంటె రహస్యమైనది వేరొకటి యుండునా? తెలివిగల పాఠశాలలు ఆ పట్టికనుండి పుట్టినచోటును చిరునామాను దీసివేయును. తీసివేయనిచోట, వలదని వ్రాయుటకు వీలు గలదని తలిదండ్రులకు వారి భాషలో దెలుపవలెను. తెలియని హక్కు పెట్టెలో బెట్టి తాళపుచెవి పారవేసిన పైకమువంటిది.

మూడవది గుమ్మము. వలసశాఖాధికారులు పాఠశాలలలోను ప్రార్థనాలయములలోను సామాన్యముగ బ్రవేశించి నిర్బంధింపగూడదని 2011లో ఆ శాఖవారు నియమము చేసికొనిరి. 2021లో దానిని మరింత విస్తరించిరి. 2025 జనవరిలో క్రొత్త ప్రభుత్వమువారు దానిని రద్దుచేసిరి. అది శాఖాంతరమైన కట్టుబాటే గాని చట్టము గాదు గనుక నొక్క కలపుపోటుతో పోయినది. మిగిలియున్నది వారంటులలోని భేదము. వలసశాఖాధికారి తానే సంతకముచేసిన వారంటు వేరు, న్యాయాధిపతి సంతకముచేసిన వారంటు వేరు. పాఠశాలలో సామాన్యజనులకు బ్రవేశము లేని తరగతిగదులలోనికి, యజమానుల సమ్మతి లేక వచ్చుటకు మొదటిదానితో నధికారము లేదు, రెండవదానితో గలదు. గుమ్మముకడ గూర్చున్న గుమాస్తాకో బంట్రోతుకో యీ భేద మెట్లు తెలియును? అందుచే ననేక పాఠశాలలవారు, అధికారు లెవరైన వచ్చినచో వారిని కచ్చేరీలోనే మర్యాదతో గూర్చుండబెట్టి, కాగితమును ప్రధానోపాధ్యాయునికిని వారి న్యాయవాదికిని జూపవలెననియు, అంతవరకు బిడ్డను బిలువగాని, ఆ బిడ్డ బడిలో నున్నదా లేదా యనికూడ జెప్పగాని గూడదనియు ముందుగనే నేర్పియుంచిరి. 2025 ఏప్రిలులో లాస్ ఏంజెలెసు నగరమున రెండు ప్రాథమిక పాఠశాలలకు అధికారులు వచ్చి కొందరు చిన్నపిల్లలను జూడవలెనని యడుగగా, ప్రధానోపాధ్యాయు లిట్లే నిలిచి లోపలికి రానియ్యకుండిరి. ఎవరును పోట్లాడలేదు, కేకలు వేయలేదు. ఏమి చేయవలెనో ముందుగ దెలిసియుండుటయే యందుకు గారణము.

బడిగోడల వెలుపల జరుగుదానిని పాఠశాల యాపజాలదు. 2019 ఆగస్టు 7వ తేదిన మిస్సిసిపీ రాష్ట్రమున కోళ్లమాంసపు కర్మాగారములపై అధికారు లొక్కసారిగ దాడిచేసి సుమారు 680 మంది కూలీలను బట్టుకొనిపోయిరి. స్కాటు కౌంటీలో ఆ దినమే క్రొత్త సంవత్సరపు చదువులు మొదలైనవి. క్రొత్త పుస్తకముల సంచితో నింటికి వచ్చిన బిడ్డకు తలుపు తీయువారు లేరు. అచ్చటి పాఠశాలలవారు తమ బస్సు తోలువారికి నాడిచ్చిన యాజ్ఞ మిక్కిలి చిన్నది. ఇంటికడ పెద్దవా రెవరైన నున్నట్లు కన్నులార జూచినగాని బిడ్డను దింపవద్దు, లేనిచో బడికే తిరిగి తీసికొనిరావలసినది. మరునాడు ఆ కౌంటీ బడులలో 150 మందికి పైగా పిల్లలు కనబడలేదు. ఇట్టి దినమునకై ముందుగ జేయదగినది యొకటి గలదు. తలిదండ్రులు రాలేనిచో బిడ్డ నెవరి కప్పగింపవలెనో యిద్దరు ముగ్గురి పేర్లు సంవత్సరారంభముననే వ్రాయించి పెట్టుకొనవలెను. ఈ కాగితమును వలసవచ్చినవారిచే మాత్రమే వ్రాయించినచో నదియు నొక ముద్రయే యగును. అందుచే నందరిచేతను వ్రాయింతురు. జ్వరమునకును, వరదకును గూడ నదే పనికివచ్చును.

మన తెలుగువారి కీ వృత్తాంతముతో బొత్తు లేదని తలపవలదు. ఆ టెక్సాసులోనే డల్లాసు నగర పరిసరములందు వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. ఉద్యోగపు టనుమతితో వెళ్లిన తండ్రి తన బిడ్డను సర్కారు బడిలో జేర్చునప్పుడు ఇంటి కాగితమును, టీకాల పత్రమును జూపునే గాని, ఆ యనుమతి యెంతవరకు చెల్లునో గుమాస్తా యడుగడు. ఉద్యోగము పోయి, గడువు ముగిసి, క్రొత్త కాగితమునకై నిద్రలేక యెదురుచూచు దినములలోను ఆ యింటి బిడ్డ బడికి బోవుచునే యుండును. నలుబదియేండ్లకు ముందు సామాను సర్దుకొని వచ్చి న్యాయస్థానపు మెట్లెక్కిన కూలీలు సంపాదించిపెట్టిన నిశ్చింత యిది. అది శాశ్వతమను నమ్మకము లేదు. 2025లో టెన్నెసీ రాష్ట్రపు సెనేటువారు, అనుమతి లేని పిల్లలను చేర్చుకొనకుండుటకో జీతము వసూలుచేయుటకో పాఠశాలల కధికార మిచ్చు బిల్లు నొకదాని నంగీకరించిరి. ఆ యేట నది ప్రతినిధిసభలో ముగియక నిలిచిపోయినను, 1982నాటి తీర్పును దిరుగదోడించుటయే తమ యుద్దేశమని దాని పక్షమువారు దాపక చెప్పిరి.

మన దేశపు రాజ్యాంగ మీ విషయమున అమెరికాకంటె స్పష్టమైనది. 2002లో జేర్చబడిన 21ఎ అధికరణము ఆరునుండి పదునాలుగేండ్ల వయస్సుగల ‘పిల్లలందరికి’ అని యన్నది గాని పౌరులని యనలేదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము వయోనిదర్శనము లేదని ఏ బిడ్డకును ప్రవేశము నిరాకరింపరాదు. టీసీ రావడ మాలస్యమైనదని చేర్చుకొనుట మానరాదు. అయితే అల్పసంఖ్యాకుల పాఠశాలలకు, అనగా మిషను పాఠశాలలకు, ఈ చట్టము వర్తింపదని సుప్రీముకోర్టు 2014లో దీర్పు చెప్పెను. 2025లో ఇద్దరు న్యాయమూర్తులు దానిపై సందేహము వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనము విచారింపదగునని నివేదించిరి. చట్టము పట్టనిచోట పాఠశాల తనకు దానే నియమము చేసికొనవలసియుండును. విదేశములవరకు బోనక్కరలేదు. ఏటేట పంటలు ముగియగానే పశ్చిమ ఒడిశాలోని బొలాంగీరు, నువాపడా ప్రాంతములనుండి కుటుంబములు తెలంగాణములోని యిటుకబట్టీలకు బిడ్డలతో వచ్చుచున్నవి. వారిది సరిహద్దు దాటిన వలస గాదు, ఒకే దేశములోనిది. అయినను గుమాస్తా బల్లముందు నిలిచినప్పుడు వారి స్థితి టైలరు కూలీల స్థితికి మిక్కిలి దగ్గర. టీసీ యుండదు, సంవత్సరము సగము గడచియుండును, పుట్టిన తేది తల్లికి పండుగనుబట్టి జ్ఞాపకము.

వారికి దాటవలసిన గట్టు మరియొకటి గలదు, అది భాష. ఒడియాలో రెండు తరగతులు చక్కగ జదివిన పిల్లకు మన నల్లబల్లపై నొక్క యక్షరమును తెలియదు. ఆమెను మందమతి యని వెనుక బల్లపై గూర్చుండబెట్టుట సులభము. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చీనా బాలురు వేయినెన్మిదివందలమంది యిట్లే యే ప్రత్యేక సహాయమును లేక కూర్చుండగా, అందరికిని ఒకే పుస్తకము, ఒకే ఉపాధ్యాయుడు నిచ్చినంతమాత్రమున సమానత్వము గాదని 1974లో అమెరికా సుప్రీముకోర్టు ఏకగ్రీవముగ జెప్పెను. తెలంగాణమునను బట్టీల ప్రక్కనే ఒడియా నేర్పు బడులు నడపినవారు గలరు. అట్టి బడి లేనిచోట, గణితమునుండి మొదలుపెట్టిన నుపాధ్యాయునికి గొంత సులభముగ నుండును. అంకెల రూపములు వేరైనను లెక్క యొకటియే గదా. బిడ్డ పేరును ఆమె లిపిలో నామెచేతనే నల్లబల్లపై వ్రాయించి, తరగతి నంతటిని దానిని జూచి వ్రాయుమన్నచో, ఒక దినమైన నెవరికి రానిది యెవరికి వచ్చునో తారుమారగును.

తొలకరి రాగానే బట్టీల పని నిలిచిపోవును, ఆ కుటుంబములు మరలిపోవును. పోవునపుడు బిడ్డచేతికి, ఆమె యెన్ని మాసములు వచ్చినది, ఏ తరగతిలో గూర్చున్నది, ఏమేమి నేర్చినది యను వివరములతో, పాఠశాల ముద్రవేసిన యొక కాగిత మియ్యవలెను. అది తెలుగులోనే గాక ఒడియాలోనో ఇంగ్లీషులోనో కూడ నుండుట మంచిది. చదువవలసినవాడు అచ్చటి గుమాస్తా.